మొరాయించే ఇంజను

పొలం దున్నిన గుర్రాల్లో బుద్ధిమంతుల పేర్లు ఎవరికీ గుర్తులేవు. కొరికినవి, తన్నినవి, చాలు మధ్యలో నిలబడిపోయినవే కథల్లో మిగిలాయి. అలాంటి వాటితోనే ఎకరాలకు ఎకరాలు దున్నించిన మనుషులు, వాళ్ల రహస్యాలు, ఆ రహస్యాలను ఆనక బయటపెట్టిన శాస్త్రం. ఇదీ ఈ వారం కథనం.

పోలింగ్ రోజు తెల్లారిన గంటకే టీవీ తెర కింద ఒక వాక్యం పరుగు మొదలుపెడుతుంది: ఫలానా బూత్‌లో ఈవీఎం మొరాయించింది. చలికాలం పొద్దున కిక్కు కొట్టి కొట్టి కాలు నొప్పి పుట్టినవాడూ అదే అంటాడు, బండి మొరాయించిందని. పాపం, వాటికి అంత పంతం ఎక్కడిది! యంత్రం చెడిపోతుంది, అంతే. మొరాయించాలంటే ప్రాణం ఉండాలి. ‘నేను రాను’ అనుకునే మనసుండాలి. పశువుకు చెందాల్సిన మాటను మనం తీసుకెళ్లి యంత్రాలకు అప్పగించాం.

ఉత్తర ఐరోపాలో కొన్ని వందల ఏళ్లు, ఉత్తర అమెరికాలో ట్రాక్టరు వచ్చేదాకా సేద్యం నడిచింది అలా మొరాయించగల ఇంజను మీదే. బరువు పనులకు పెంచిన గుర్రం టన్నుకు అటూ ఇటూ తూగుతుంది. దాన్ని తోలే మనిషి అందులో పదో వంతు కూడా ఉండడు. అది కదలనని కాళ్లు తన్నిపట్టి నిలబడితే నెట్టి కదిలించే మొనగాడు ఇంకా పుట్టలేదు. అందుకే రోజూ పొద్దున మనిషికీ గుర్రానికీ మధ్య ఒక బేరం కుదరాల్సి వచ్చేది.

ఆ బేరం సులువుగా తెగని గుర్రాలు ఊరూరా ఉండేవి. చిత్రమేమిటంటే అవన్నీ సోమరిపోతులు కావు. మెడకు పట్టెడ తగిలించేదాకా కొరకవచ్చి, ఒక్కసారి చాలు పట్టాక మధ్యాహ్నందాకా తల ఎత్తనివి కొన్ని. జోడు గుర్రం నెమ్మదిగా నడుస్తోందని చిరాకుపడి రెండింటి బరువూ తానే లాగేసేవి కొన్ని. అమ్మేద్దామంటే పని గుర్తొస్తుంది, ఉంచుకుందామంటే తన్ను గుర్తొస్తుంది. రైతుకు ఇంతకంటే ఇరకాటం ఏముంటుంది?

వాట్ లెక్కలో లేని షరతు

ట్రాక్టరు కొనబోయే రైతు షోరూములో అడిగే మొదటి ప్రశ్న ‘ఎన్ని హెచ్‌పీ?’ అనే. ఆ హెచ్‌పీలో ‘హెచ్’ గుర్రమే. 18వ శతాబ్దం చివర్లో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రాలను అమ్ముకోవాల్సి వచ్చినప్పుడు కొనేవాళ్లకు అర్థమయ్యే కొలత ఒక్కటే ఉంది: ఇది ఎన్ని గుర్రాల పెట్టు? గానుగెద్దులా గుండ్రంగా తిరుగుతూ మరలు ఆడించే గుర్రాల పనిని బట్టి ఆయన నిమిషానికి 33,000 అడుగు పౌండ్లు అని ఒక అంకె ఖాయం చేశాడు. మన లెక్కలో ఇంచుమించు 75 కిలోల బరువును సెకనులో ఒక మీటరు పైకి లేపే శక్తి.

750 కిలోల గుర్రం తన బరువులో పదో వంతు బలంతో, గంటకు 4 కిలోమీటర్ల నడకతో రోజంతా లాగుతుందని గుర్రాల సేద్యంలో పాత లెక్క. గుణించి చూస్తే ఒక హెచ్‌పీకి కాస్త పైన తేలుతుంది. వాట్ పెద్దగా తప్పలేదన్నమాట. కాకపోతే అది రోజు కూలి. రోషం వస్తే వేరు. అమెరికాలోని అయోవా రాష్ట్ర సంతలో 1925లో జరిగిన గుర్రాల లాగుడు పోటీల వివరాలు తీసుకుని ఇద్దరు శాస్త్రవేత్తలు 1993లో లెక్క కట్టారు. కొన్ని సెకన్లపాటు ఒక్క గుర్రం దాదాపు 15 హెచ్‌పీ ఇవ్వగలదని తేలింది. సంక్రాంతికి బండలాగుడు పోటీల్లో ఒంగోలు గిత్తలు మోకాళ్లు నేలకానించి లాగడం చూసినవాళ్లకు ఇందులో ఆశ్చర్యం కనిపించదు.

ఆ 15 హెచ్‌పీ ఎప్పుడు ఇవ్వాలో, అసలు ఇవ్వాలో వద్దో తేల్చేది మాత్రం గుర్రమే. వాట్ సూత్రంలో ఈ షరతుకు చోటు లేదు.

మన వైపు ఈ తంటా ఎద్దుతో సరిపోయింది. తెలుగు నేల మీద గుర్రం జట్కా లాగింది, పెళ్లికొడుకును మోసింది, జమీందారు ముచ్చట తీర్చింది. నాగలి మాత్రం పట్టలేదు. కారణం కొంత మూపురంలో ఉంది. మన ఎద్దు మెడ మీద కాడి వేస్తే అది వెనక్కి జారకుండా మూపురం ఆపుతుంది. ఒక దుంగ చెక్కుకుంటే పని జరిగిపోతుంది. గుర్రానికి ఆ సదుపాయం లేదు. దాని బలమంతా భుజాల్లో ఉంటుంది. గొంతుకు అడ్డంగా ఏది కట్టినా ఊపిరి బిగుస్తుంది. గడ్డి కుక్కి, తోలు కుట్టి, ఆ గుర్రం మెడకే సరిపడేట్టు తయారుచేసిన కాలర్ కావాలి. ఐరోపాలో ఆ కాలర్ వాడుకలోకి వచ్చాకే గుర్రం మడిలో దిగింది. పైగా తిండి ఖర్చు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మనవాళ్లు ఊరికే అనలేదు. మనం చారు కాచుకునే ఉలవలకు ఇంగ్లీషువాళ్లు గుర్రం పేరే పెట్టారంటే, వాళ్లు వాటిని ఎక్కువగా ఎవరి ముందు పోయడం చూశారో తెలుస్తూనే ఉంది.

నాలుగింటికి దాణా, ఆరున్నరకు చాలు

ఇంగ్లండు తూర్పు తీరంలో సఫోక్ అనే జిల్లా ఉంది. జిగట బంకమట్టి నేల. అక్కడి గుర్రం పేరు సఫోక్ పంచ్. పంచ్ అంటే పొట్టిగా, గట్టిగా, పీపాలా ఉండేదని. రంగు ఒక్కటే, ఎర్ర గోధుమ. ఆ రంగు పేరును ఇంగ్లీషులో అందరూ రాసినట్టు కాకుండా మధ్యలో ఒక ‘టీ’ తీసేసి రాయడం అక్కడివాళ్లకు ఇప్పటికీ పట్టుదల. కొన్ని బరువు గుర్రాల్లా దీనికి గిట్టల చుట్టూ జూలు వేలాడదు. కాళ్లకు బంకమట్టి అంటుకుని గడ్డకట్టే బెడద ఉండదు. ఇప్పుడు బతికున్న ప్రతి సఫోక్ పంచ్ మగసంతతి 1768లో పుట్టిన ఒకే ఒక్క మగ గుర్రం దగ్గరికి చేరుతుంది. అఫర్డ్ ఊరివాడైన థామస్ క్రిస్ప్ దాన్ని పెంచాడు. ఆ గుర్రానికి ఏం పేరు పెట్టుకున్నాడో గానీ చరిత్రలో మాత్రం అది ‘క్రిస్ప్ గారి గుర్రం’గానే నిలిచింది.

ఈ గుర్రాలతో బతికిన పాలేర్ల జీవితం మనకింత వివరంగా తెలియడానికి కారణం జార్జ్ ఎవార్ట్ ఇవాన్స్. వేల్స్‌లో పుట్టిన ఈ రచయిత 1948లో సఫోక్‌లోని బ్లాక్స్‌హాల్ అనే ఊళ్లో కాపురం పెట్టాడు. భార్య ఆ ఊరి బళ్లో టీచరు. అరుగుల మీద కూర్చున్న ముసలివాళ్లతో మాట్లాడటం మొదలుపెట్టాడు. వాళ్లు చెబుతున్నది ఏ గ్రంథాలయంలోనూ లేదని గ్రహించాక ఇక ఆగలేదు. 1960లో గుర్రాల మీదే ఒక పుస్తకం తెచ్చాడు, ‘ద హార్స్ ఇన్ ద ఫరో’.

ఆ పాలేర్ల దినచర్య చూడండి. తెల్లవారుజామున నాలుగింటికి గుర్రపుశాల తలుపు తెరవాలి. పని ఆరున్నరకైతే నాలుగింటికి ఎందుకు? గుర్రం కడుపు దాని ఒళ్లుతో పోలిస్తే చాలా చిన్నది. తిన్నది కక్కుకునే వీలు కూడా లేని నిర్మాణం. ఒకేసారి గంపెడు దాణా పోస్తే కడుపు పట్టేసి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే గుప్పెడు గుప్పెడుగా, రెండు గంటలపాటు, అది నమిలేదాకా ఆగి మళ్లీ పోయాలి. ఆరున్నరకు పెద్దపాలేరు తన జోడుతో ముందు బయల్దేరతాడు. రెండోవాడు అతని వెనక, మూడోవాడు రెండోవాడి వెనక. వరస తప్పితే మాటా మాటా పెరిగేది. మధ్యాహ్నం రెండున్నర మూడు దాకా ఒకటే పూట. జోడు గుర్రాలు రోజుకు ఎకరం దున్నాలి. తొమ్మిది అంగుళాల చాలు చొప్పున ఎకరం పూర్తవాలంటే గుర్రాలూ వెనక మనిషీ 11 మైళ్లు, అంటే దాదాపు 18 కిలోమీటర్లు నడవాలి. బంకమట్టిలో.

యజమాని తూచి ఇచ్చే దాణా సరిపోదని పాలేర్లు కొట్టులోంచి దొంగతనంగా గింజలు తెచ్చి తమ గుర్రాలకు పోసేవాళ్లట. సొంత డబ్బుతో మందుల షాపులో సరుకులు కొని, వెంట్రుక మెరవడానికి రహస్యపు పొడులు కలిపేవాళ్లట. గుర్రం యజమానిది, పరువు పాలేరుది. ఆదివారం సెలవు పూట ఊళ్లోవాళ్లు గట్ల వెంట నడుస్తూ ఎవరి చాలు తిన్నగా వచ్చింది, ఎవరిది వంకర పోయిందని తీర్పులు చెప్పేవాళ్లు. ఆ తీర్పు మీద సోమవారం మందుశాలలో ఎగతాళి ఆధారపడేది.

జోడు కట్టడంలో ఒక కిటుకు తెలుగు రైతుకు చప్పున అర్థమవుతుంది. మనకు దాపట ఎద్దు, వలపట ఎద్దు వేరువేరు. దాపట అలవాటైనదాన్ని వలపట కడితే బెదురుతుంది, బండిని గట్టు మీదికి లాగుతుంది. అక్కడా అంతే. ఒక గుర్రం కిందటి చాలులో నడుస్తుంది, రెండోది దున్నని నేల మీద. చాలులో నడిచేది నిదానస్తురాలై ఉండాలి. అది ఎటు నడిస్తే నాగలి అటే. తలతిక్క గుర్రాన్ని నేల వైపు కట్టి, అనుభవమున్న ముసలిదాన్ని చాలులో పెడితే సగం గొడవ అక్కడే చల్లారుతుంది.

అమెరికావాళ్లు ఇంకో అడుగు వేశారు. కొత్తగా కాలర్ ఎక్కిన గుర్రాన్ని మూడింటి జట్టులో నడిమధ్యన కట్టేస్తారు. అటూ ఇటూ ముసలి గుర్రాలు. పక్కకు దూకుదామంటే గోడలా ఒకటి, వెనక్కి తగ్గుదామంటే రెండూ ముందుకు. చాలా చదువు అక్కడే అయిపోతుంది, మనిషి నోరు నొప్పి పుట్టకుండా. ఆత్రగాడు మిగతావాటికంటే ముందుకు ఉరుకుతుంటే వాడి కళ్లెం నుంచి వెనక్కి ఒక తాడు తీసి పక్క గుర్రం లాగే గొలుసుకు కట్టేవాళ్లు. వాడు ఎంత ఉరికితే వాడి నోరే అంత వెనక్కి గుంజుకుంటుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో పలూస్ కొండల మీద గోధుమ కోత యంత్రాలను 33 కంచరగాడిదలతో లాగించిన రోజుల్లో పగ్గాలు ముందు వరసకే ఉండేవి. మిగతావాటికి తోలేవాడి గొంతే పగ్గం. అది చాలనప్పుడు ఎత్తయిన పీట మీద అతని పక్కన ఒక పెట్టె నిండా గులకరాళ్లు ఉండేవి. పని ఎగ్గొడుతున్నదెవరో చూసి గురి తప్పకుండా విసరడం కూడా ఆ ఉద్యోగంలో భాగమే.

కప్ప ఎముక, కుందేలు కాలేయం

సఫోక్ పాలేర్లలో కొందరికి ఒక విద్య ఉందని ఊరంతా నమ్మేది. వాళ్లు చెయ్యి ఊపితే బలమైన గుర్రం కూడా వాకిట్లో శిలైపోతుంది. ఇంకెవరు అదిలించినా, కొట్టినా, బతిమాలినా కదలదు. మళ్లీ అతనొచ్చి చెవిలో ఏదో గొణిగితే తప్ప. ఈ శక్తి సంపాదించాలంటే ఒక జాతి కప్పను చంపి, చీమలపుట్టలో పెట్టి, ఎముకలు మిగిలాక అర్ధరాత్రి పారే నీళ్లలో వదలాలి. అన్నీ ప్రవాహంతో పోతే ఒక్కటి ఎదురీదుతుందట. ఆ ఎముక దక్కినవాడికి గుర్రాలు దాసోహం. ఈశాన్య స్కాట్లండులోనైతే ఏకంగా రహస్య సంఘమే ఉండేది. కుర్ర పాలేరును అర్ధరాత్రి కొట్టంలోకి పిలిచి, రొట్టె, విస్కీ తెప్పించుకుని, కళ్లకు గంతలు కట్టి, దయ్యం గిట్టతో కరచాలనం చేయించి చెవిలో ‘మాట’ ఉపదేశించేవాళ్లు. మన ఊళ్లలో అయితే చేతబడి అని పంచాయతీ పెట్టేవాళ్లు.

ఇవాన్స్ మెల్లగా కూపీ లాగితే అసలు సంగతి బయటపడింది. వాసన! గుర్రం ముక్కు మన ముక్కు కంటే ఎన్నో రెట్లు చురుకు. ఎండబెట్టి పొడిచేసిన కుందేలు కాలేయం లాంటి దుర్వాసన సరుకును వాకిలి గుంజకో, గాటిపాటకో కాస్త రాస్తే చాలు, మనిషికి తెలియని ఆ కంపు గుర్రానికి గోడలా అడ్డం నిలుస్తుంది. ఇక కొరడా ఎంత విరిగినా లాభం లేదు. దానికి విరుగుడుగా దాల్చిన, సోపు, రోజ్‌మేరీ వంటి నూనెలు జేబురుమాలుకు పూసుకుని దగ్గరికి వెళితే ఎంత పొగరుబోతు గుర్రమైనా ముక్కు చాచి వెంట వస్తుంది. చెవిలో గొణుగుడు పైకి నాటకం. లోపల నడిచేది చేతి వేళ్ల పని.

ఇక్కడ ఆగి ఆలోచించాల్సిన విషయం ఒకటుంది. ఆ నాటకం చూసినవాళ్లందరూ గుర్రం మొండిదనో, దయ్యం పట్టిందనో అనుకున్నారు. దానికి ఏదో కారణం కనబడుతోందని, అది మనకు కనబడటం లేదని అనుకున్నవాడు ఒక్కడే, ఆ పొడి రాసినవాడు.

మూడు గంటల్లో లొంగిన క్రూయిజర్

గుర్రాన్ని లొంగదీయడం 19వ శతాబ్దంలో పెద్ద తమాషా వ్యాపారం. ఒహాయో రాష్ట్రం గ్రోవ్‌పోర్ట్‌కు చెందిన రైతుబిడ్డ జాన్ సాలమన్ రేరీ అందులో మహారాజు. 1858లో ఇంగ్లండులో ఉన్నప్పుడు అతనికి ఒక సవాలు ఎదురైంది. డార్చెస్టర్ ప్రభువు గారి క్రూయిజర్. సేద్యపు గుర్రం కాదు, పందెపు రక్తం. దగ్గరికొచ్చినవాణ్ని చంపేస్తుందని పేరు. మూతికి ఇనుప బోను తగిలించి, ఒళ్లు తోమే ధైర్యం కూడా లేక వదిలేశారు. రేరీ ఒక్కడే లోపలికి వెళ్లాడు. మూడు గంటల్లో బయటికి తీసుకొచ్చాడు. లండన్‌లో జనం టిక్కెట్లు కొనుక్కుని చూశారు, విక్టోరియా రాణి కూడా అతని విద్య చూసింది.

రేరీ పద్ధతిలో మంత్రం లేదు. ముందు కాలు ఒకటి మడిచి తోలు వారుతో కట్టేస్తాడు. రెండో కాలికి ఇంకో వారు. గుర్రం గింజుకుని గింజుకుని చివరికి మోకాళ్ల మీదికి, ఆపైన నేల మీదికి వాలుతుంది. అప్పుడు కొట్టడు. ఒళ్లంతా నిమురుతాడు, నెమ్మదిగా మాట్లాడతాడు. కొరడాలే రాజ్యమేలిన కాలంలో అది దయ కిందే లెక్క. ఈనాటి పశు ప్రవర్తన శాస్త్రం దాన్ని కొంచెం ఇబ్బందిగా చూస్తుంది. ఏం చేసినా తప్పించుకోలేనని తేలాక ఏ జీవి అయినా చేతులెత్తేస్తుంది, దాన్ని స్నేహం అనొచ్చా అని అడుగుతుంది. ప్రశ్న న్యాయమైనదే. రేరీ మాత్రం క్రూయిజర్‌ను కొనుక్కుని ఒహాయో తీసుకెళ్లాడు. 1866లో, నలభై నిండకుండానే కన్నుమూశాడు. ఆ తర్వాత కూడా గుర్రం కొన్నేళ్లు బతికింది. ఇవాళ గ్రోవ్‌పోర్ట్ హైస్కూలు ఆటల జట్ల పేరు ‘క్రూయిజర్స్’.

ఇంకో తిక్క గుర్రం బెర్లిన్‌లో ఉండేది. పేరు హాన్స్. విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అనే బడిపంతులు దానికి కూడికలు, భిన్నాలు, క్యాలెండరు నేర్పానని ప్రకటించాడు. ప్రశ్న అడిగితే గిట్టతో అన్నిసార్లు కొట్టి చెప్పేది. 1904లో నిపుణుల సంఘం వచ్చి చూసి మోసం లేదంది. ఆస్కర్ ఫంగ్‌స్ట్ అనే యువ పరిశోధకుడు మాత్రం వదల్లేదు. అడిగేవాడికి జవాబు తెలియకపోతే హాన్స్‌కూ తెలియదని పట్టుకున్నాడు. జవాబు దగ్గరపడగానే అడిగేవాడి తల వెంట్రుకవాసి కదులుతుంది, ఊపిరి మారుతుంది. హాన్స్ చూస్తున్నది దాన్ని. లెక్క తప్పినప్పుడల్లా హాన్స్‌కు తిక్క రేగేది. ఆ పరిశోధన పూర్తయ్యేలోపు ఫంగ్‌స్ట్ ఒకటికంటే ఎక్కువసార్లే కరిపించుకున్నాడు.

1907లో ఆ ఫలితాలు అచ్చయినప్పుడు అందరూ గుర్రానికి లెక్కలు రావని నవ్వుకున్నారు. నాగలి వెనక నడిచినవాడికి మాత్రం అందులో వేరే కబురుంది. పగ్గం కదలకముందే, నోరు తెరవకముందే మన ఒంట్లో పుట్టిన భయాన్ని, విసుగును ఆ జీవి చదివేసింది. 2009లో అచ్చయిన స్వీడన్ ప్రయోగం ఒకటి ఇంకా ముచ్చటైనది. మనుషులు గుర్రాన్ని నడిపించుకుంటూ కొంత దూరం వెళ్లి రావాలి. మూడుసార్లు అయ్యాక, ఈసారి దారిలో గుర్రం పక్కన గొడుగు టపీమని తెరుస్తామని చెప్పారు. నిజానికి ఎవరూ ఏ గొడుగూ తెరవలేదు. అయినా మనిషి గుండె వేగం పెరిగింది, గుర్రం గుండె వేగమూ పెరిగింది. ‘ఇవాళ ఇది తంతుంది’ అనుకుంటూ కొట్టంలోకి అడుగుపెట్టేవాడు తన్నుకు సగం ఏర్పాటు తానే చేసుకుంటున్నాడన్నమాట.

సోమవారం జబ్బు

వారమంతా గొడ్డులా లాగిన గుర్రం ఆదివారం కొట్టంలో నిలబడి నిండుగా దాణా తింటుంది. సోమవారం పొద్దున నాగలికి కడితే పావుగంట నడిచి ఆగిపోతుంది. చెమటలు కక్కుతుంది, వెనక కాళ్లు కర్రల్లా బిగుస్తాయి. బద్ధకం అలవాటైందని కొట్టి నడిపించినవాళ్లు ఉన్నారు. అలా నడిపిస్తే కూలబడి చచ్చిన గుర్రాలూ ఉన్నాయి. మూత్రం కాఫీ రంగులో వచ్చినప్పుడు మాత్రం అనుభవజ్ఞులు గుండె పట్టుకునేవాళ్లు. దానికి ‘సోమవారం జబ్బు’ అనే పేరు పెట్టారు. సెలవు రోజు గింజలు తగ్గించాలని అనుభవం మీద నేర్చుకున్నారు.

ఎందుకన్నది 2008లో కొంత తేలింది. మిన్నెసోటా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక జన్యువులో మార్పును పట్టుకున్నారు. అది ఉన్న గుర్రాల కండరాల్లో చక్కెర నిల్వలు తేడాగా పేరుకుంటాయి. విశ్రాంతి తర్వాత పనిలో దిగితే కండరం దెబ్బతింటుంది. ఈ మార్పు బెల్జియన్, పెర్షెరాన్ లాంటి బరువు గుర్రాల్లో మరీ ఎక్కువ. అంటే ఏ జాతిని పని కోసం పెంచారో ఆ రక్తంలోనే సోమవారం మొరాయింపు కూడా వచ్చింది. పిండి పదార్థం తగ్గించి, కొవ్వు పెంచి, రోజూ కాస్తయినా నడిపిస్తే అలాంటి గుర్రాల్లో చాలా మటుకు చక్కగా పనిచేస్తాయి.

మిగతా ‘పొగరు’ చాలావరకు తోలు కింద దొరుకుతుంది. సరిపడని కాలర్ భుజాన్ని ఒరుస్తుంది. పైకి పుండు కనిపించే ముందే గుర్రానికి కొట్టం తలుపు చప్పుడంటే అసహ్యం పుడుతుంది. దవడ పళ్లు అంచుల్లో పదునెక్కి బుగ్గలను కోస్తుంటే కళ్లెం పెట్టనివ్వదు. బ్రిటన్ పశువైద్యురాలు స్యూ డైసన్ బృందం 2018లో సవారీ గుర్రాల కోసం 24 చేష్టల పట్టిక తయారుచేసింది. చెవులు వెనక్కి వాల్చడం, తోక విసరడం, నోరు తెరవడం లాంటివి. వాటిలో ఎనిమిదీ అంతకంటే ఎక్కువా కనిపిస్తే నొప్పి ఉందని గట్టిగా అనుమానించాలి. అదే పట్టికను మన తాతల కాలం గుర్రపువాడికి చూపిస్తే, ఇవన్నీ మొండి గుర్రం లక్షణాలే కదా అనేవాడు.

అలా అనని మనిషి ఒకామె 19వ శతాబ్దంలోనే ఉంది. సఫోక్ పక్కనే ఉన్న నార్‌ఫోక్‌లో పుట్టిన అనా సూయెల్ 1877లో ‘బ్లాక్ బ్యూటీ’ నవల ప్రచురించింది. తాను రచయిత్రిని కాదని, గుర్రం భాష నుంచి అనువదించానని మొదటి పేజీలోనే చమత్కరించింది. అందులో జింజర్ అనే గుర్రం కరుస్తుంది, తంతుంది, దాని వెనక ఒక గతం ఉంటుంది. గుర్రాల తలలు ఠీవిగా పైకెత్తి ఉంచడానికి బిగించే పగ్గాన్ని ఆ నవల ఏకిపారేసింది. బరువు లాగే గుర్రం మెడ కిందికి వంచి, ఒళ్లంతా ముందుకు వేసి లాగుతుంది. తల పైకి కట్టేసి గుట్టెక్కమంటే అది మొరాయించక ఏం చేస్తుంది? నవల వచ్చిన ఏడాది తిరక్కుండానే రచయిత్రి పోయింది.

గుర్రం బాధ తెలుసుకునే విద్యకు మన సంప్రదాయంలో నకులుడు గురువు. విరాటుడి కొలువులో అజ్ఞాతవాసం చేస్తూ గుర్రాల కాపరిగా చేరినప్పుడు తిక్కన తెలుగులో అతని పేరు దామగ్రంథి. పాండవుల్లో అందగాడిగా పేరున్నవాడు తన చేతనయిన పనిగా చెప్పుకుని కొలువు అడిగింది గుర్రాల పోషణ, వైద్యమే.

తొమ్మిది పిల్లలు

ట్రాక్టరు పని గుర్రాలను ఎంత త్వరగా ఊడ్చిపారేసిందంటే, 1915 ప్రాంతంలో అమెరికాలో గుర్రాలు, కంచరగాడిదలు కలిపి 2 కోట్ల 60 లక్షల దాకా ఉంటే 1960 నాటికి 30 లక్షల పైచిలుకు మిగిలాయి. బ్రిటన్‌లో 1966లో నమోదైన సఫోక్ పంచ్ పిల్లలు తొమ్మిదంటే తొమ్మిది.

ఆ జాతి నిలవడానికి సాయపడిన వాటిలో ఒకటి జైలు. సఫోక్ తీరాన హోలెస్లీ బే దగ్గర 19వ శతాబ్దం చివర్లో వలస దేశాలకు వెళ్లే యువకుల కోసం వ్యవసాయ శిక్షణ కళాశాల పెట్టారు. 1938లో అది కుర్ర నేరస్తుల బోర్‌స్టల్‌గా మారింది. ఐరిష్ రచయిత బ్రెండన్ బెహన్ శిక్ష అనుభవించింది ఇక్కడే. గుర్రాలు మాత్రం కదలలేదు. ఊరు భరించలేకపోయిన కుర్రాళ్లు టన్ను బరువు మగ గుర్రాలను తోమారు, పేడ ఎత్తారు, ఈతలకు కాపలా కాశారు. 2000 దశకం మధ్యలో జైళ్ల శాఖ చేతులు దులుపుకున్నాక ఒక ట్రస్టు ఆ మందను తీసుకుంది.

పని గుర్రం ఇంకా కొన్నిచోట్ల పనిలోనే ఉంది. పెన్సిల్వేనియాలో లాంకాస్టర్ జిల్లా ఆమిష్ రైతులు మత నియమం ప్రకారం పొలంలో ట్రాక్టరు దింపరు. న్యూజెర్సీ తెలుగు కుటుంబాలు వారాంతంలో కారేసుకుని వెళ్లి చూసొచ్చే ఆ పొలాల్లో కంచరగాడిదల జట్లు నడుస్తుంటాయి. ఆమిష్ జనాభా ఇప్పుడు 4 లక్షలు. అది పెరుగుతున్నకొద్దీ పని గుర్రాల అవసరమూ పెరుగుతోంది. ఫ్రాన్స్‌లో పోయాక్ దగ్గరి షాతో పాంతె కానె ద్రాక్షతోట 2008 నుంచి ట్రాక్టర్ల స్థానంలో గుర్రాలను తెచ్చుకుంది. ట్రాక్టరు చక్రాల కింద మన్ను గట్టిపడి వేళ్లకు ఊపిరాడదన్నది వాళ్ల లెక్క. ఖరీదైన వైన్ కాబట్టి ఆ ఖర్చు గిట్టుబాటవుతుంది, అది వేరే సంగతి.

మనకు మరీ దగ్గరగా చూడాలంటే అల్లూరి సీతారామరాజు జిల్లా కొండలెక్కాలి. రోడ్డు చేరని గూడేలకు గుర్రమే గూడ్సు బండి. సంత రోజు పసుపు, పిప్పళ్లు, రాజ్‌మా మోసుకుని దిగుతుంది, ఉప్పు, బియ్యం మోసుకుని ఎక్కుతుంది. అవి సఫోక్ గుర్రంలో సగం కూడా ఉండని పొట్టి గుర్రాలు. వాగు దగ్గర ఆగి నీళ్లు వాసన చూస్తాయి. నచ్చకపోతే దిగవు. వెనక ఉన్న మనిషి అదిలించడు. కొండ మీద కొత్తగా ఊరిన వాగు లోతు తనకంటే దానికే ముందు తెలుస్తుందని అతనికి తెలుసు. ఒడ్డు వెంబడి నాలుగడుగులు నడిచి అదే ఇంకో రేవు చూసుకుంటుంది.

సఫోక్‌లో మధ్యాహ్నం మూడింటికి పని అయ్యాక పాలేరు ముందు చేసే పని కాలర్ తీయడం. దాని కింద చెమట సమానంగా పట్టిందా, మధ్యలో ఎక్కడైనా పొడి మచ్చ మిగిలిందా అని చూస్తాడు. పొడి మచ్చ ఉంటే అక్కడ తోలు ఎక్కువ నొక్కుతోందని అర్థం. అరచేయి పెట్టి వేడి చూస్తాడు. గుర్రం చెవులు వెనక్కి వాల్చి పళ్లు బయటపెడుతుంది. అతను కొంచెం పక్కకు జరిగి, చెయ్యి మాత్రం తీయడు. ఆ రాత్రి దీపం ముందు కూర్చుని కాలర్‌లో ఆ చోట గడ్డి కొంత లాగేసి మళ్లీ కుడతాడు. నాలుగింటికి లేవాలి.